పద్నాలుగేళ్ల లోపు పాపం లేదు

పౌరోహిత్యం చేసేవాడి దగ్గరికి జనం ముహూర్తానికో, పితృకార్యానికో వస్తారని అందరూ అనుకుంటారు. గోదావరి జిల్లాల్లో మా ఊరి లాంటి చోట మూడో పని కూడా ఒకటుంది. పిల్లవాడు సరిగ్గా తినడం లేదు. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తోంది. పదో తరగతి కుర్రాడు గది తలుపేసుకుని బయటికి రావడం లేదు. ఇలాంటివన్నీ డాక్టరు దాకా వెళ్లకముందే మా అరుగెక్కుతాయి. తల్లి చేతిలో పుట్టినవేళ రాసిన చీటీ ఉంటుంది. "ఏ గ్రహం పట్టిందో చూడండి పంతులుగారూ" అంటుంది.

నేను పంచాంగం తీస్తాను. అది నా వృత్తి, దాన్ని నేనే తక్కువ చేసుకోను. కాకపోతే చీటీ విప్పే ముందు పిల్లవాడి మొహం చూస్తాను. "ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్న పెద్దది. ఋషులే తేల్చలేదు కాబట్టి దానికి తొందర లేదు. "ఏం జరుగుతోంది?" అన్న ప్రశ్న చిన్నది, తొందర అంతా దానికే. మన ఇళ్లలో పెద్ద ప్రశ్నను పట్టుకుని కూర్చుంటున్నారు. ఈలోగా చిన్న ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పిల్లవాడు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

పెద్ద ప్రశ్ననూ దాటవేయను, ఎందుకంటే తల్లిదండ్రులను తినేసేది అదే. "ఏ జన్మలో ఏ పాపం చేశామో" అన్న మాట వినని నెల నాకు ఉండదు. మా జ్యోతిష గ్రంథాల్లో బాలారిష్టాల దగ్గర ఒక లెక్క ఉంది: మొదటి నాలుగేళ్లలో వచ్చే గండం తల్లి పాపం వల్ల, తర్వాతి నాలుగేళ్లది తండ్రి పాపం వల్ల, ఆ పైన పన్నెండేళ్ల దాకా పిల్లవాడి సొంత పాపం వల్ల అని. ఆ మాట నాకు తెలుసు. ఇలాంటి సందర్భంలో నేను దాన్ని ఎత్తను. శాస్త్రాన్ని దాస్తున్నానని కాదు. ఆ లెక్క చెప్పి చేయించగలిగిందేమీ లేదు. పైగా ఎదురుగా కూర్చున్న తల్లి ఆ నింద తనమీద ఎప్పుడో వేసుకునే వచ్చింది.

దానికి బదులు మహాభారతంలో ఆదిపర్వం నుంచి మాండవ్యుడి కథ చెబుతాను. మౌనవ్రతంలో ఉన్న ఆయన ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచారు. రాజభటులు వచ్చి అడిగితే ఆయన పలకలేదు. దొంగతో సమానంగా కొరత వేశారు. తపోబలం వల్ల ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకుని వచ్చాడు కానీ శూలాన్ని ఊడబెరకడం సాధ్యం కాలేదు. బయటికి ఉన్నంత మేర కోసి వదిలారు. లోపలి ముక్కతోనే ఆయన లోకంలో తిరిగాడు. తర్వాత ధర్ముడి దగ్గరికి వెళ్లి ఇది ఏ పాపానికి శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు ఒక పురుగును గడ్డిపోచతో గుచ్చావు, దాని ఫలం అన్నాడు ధర్ముడు. మాండవ్యుడికి ఒళ్లు మండింది. ఏమీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని, మనిషిగా పుట్టమని ధర్ముణ్ణే శపించాడు. విదురుడు అలా పుట్టాడు. ఆ నోటితోనే మాండవ్యుడు ఒక హద్దు పెట్టాడు: పద్నాలుగేళ్ల దాకా చేసినదేదీ పాపంగా లెక్కకు రాదు.

కర్మను నమ్మే గ్రంథమే బాల్యం దగ్గరికి వచ్చేసరికి కర్మకు అడ్డుగీత గీసింది. గీసినవాడు శిక్ష అనుభవించినవాడు, గీత దాటింది సాక్షాత్తూ ధర్మదేవత. ఇంతకంటే పెద్ద ప్రమాణం నాకు అక్కర్లేదు. బాధపడే పిల్లవాణ్ణి చూసి ఇది దేనికో శిక్ష అనుకునే హక్కు మనకు లేదు. పదిహేనో పదహారో అయినా, లోపల ములుకుతో మాట్లాడకుండా తిరిగే వాళ్లను నేను ఆ గీతకు ఇవతలే లెక్కపెడతాను. మానసిక వ్యాధుల్లో సుమారు మూడో వంతు 14 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాపం అంటని వయసులోనే రోగం మొదలవుతోందంటే, రోగానికీ పాపానికీ ముడిపెట్టడం మనం ఆపాల్సిందే.

ఇక ఒక అభ్యంతరం ఉంది. "మనకు శాంతులు, జపాలు ఉండగా కౌన్సెలింగ్ ఏమిటండీ, అది ఇంగ్లీషువాళ్ల పద్ధతి కదా" అంటారు కొందరు పెద్దలు. వాళ్లకు చరకసంహిత చూపిస్తాను. సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో చికిత్సలు మూడు రకాలని ఉంది. మంత్రం, మణి, హోమం వంటివి దైవవ్యపాశ్రయం. ఆహారం, ఔషధం చూసి ఇచ్చేది యుక్తివ్యపాశ్రయం. మనసును దానికి చెరుపు చేసే విషయాల నుంచి మళ్లించేది సత్త్వావజయం. మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మనం మొదటిదాన్ని తాయెత్తుగా మెడలో వేసుకుని మిగతా రెండింటినీ వదిలేశాం. సుశ్రుతుడు పిల్లల్ని పీడించే గ్రహాలు తొమ్మిదని ఉత్తరతంత్రంలో చెప్పాడు. స్కందుడు, శకుని, రేవతి, పూతన వగైరా. అవి గ్రహాలేనా అన్న వాదన పక్కన పెట్టండి. ఒక్కోదానికి ఆయన రాసిన లక్షణాలు చూడండి: పాలు తాగకపోవడం, ఉలిక్కిపడటం, పళ్లు కొరకడం, ఏడుపులో తేడా, చూపులో తేడా. పేరు పెట్టే ముందు పిల్లవాణ్ణి అంతసేపు చూశారు వాళ్లు. మనం చూడకుండానే పేరు పెడుతున్నాం.

పురోహితుడికి మాత్రమే సులువుగా కనబడేది ఒకటుంది, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను. రోగం భక్తి వేషం వేసుకుని వస్తే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. ఉపనయనం అయిన ఒక పన్నెండేళ్ల కుర్రాణ్ణి వాళ్ల తాతగారు నాకు చూపించి, "మనవడి నిష్ఠ చూడండి, సంధ్యావందనం గంటన్నర చేస్తాడు" అన్నారు. పక్కన కూర్చుని చూశాను. ఆచమనం చేస్తాడు, ఆగుతాడు, మొదటికి వస్తాడు. మళ్లీ కేశవ నామం, మళ్లీ నీళ్లు. వేళ్ల సందులు నాని తెల్లగా పాలిపోయాయి, మణికట్టు దగ్గర చర్మం పగిలింది. బడి బస్సు వెళ్లిపోతున్నా లేవలేకపోతున్నాడు. తాతగారు లోపలికి వెళ్లాక, "మంత్రం తప్పుపోతే ఏమవుతుంది నాయనా?" అని అడిగాను. "అమ్మ చచ్చిపోతుంది" అన్నాడు, తల ఎత్తకుండా.

అది నిష్ఠ కాదు. విధికి ఒక లెక్క ఉంటుంది. ఆచమనానికి మూడు పుడిసిళ్లు. గాయత్రి పదో, ఇరవై ఎనిమిదో, నూట ఎనిమిదో. ఏ పూజ అయినా చివర మంత్రంలో, క్రియలో జరిగిన లోపాలకు క్షమాపణ చెప్పుకుని అక్షతలు వదిలి లేచిపోతాం. అంటే పొరపాటు జరుగుతుందని శాస్త్రానికి ముందే తెలుసు, దానికి చోటిచ్చి ముగింపు పెట్టింది. ఆ పిల్లవాడి భయానికి ముగింపు లేదు. భక్తి చేసి లేచినవాడి మొహం తేలికపడుతుంది, వీడి మొహంలో ఆ తేలిక లేదు. దేవుడు వాడికి దిక్కుగా లేడు, కాపలా పెట్టిన పోలీసులా ఉన్నాడు.

కాకినాడలో ఒక మానసిక వైద్యురాలికి చూపించమన్నాను. ఆ భయాన్నీ, మళ్లీమళ్లీ చేయడాన్నీ కలిపి ఓసీడీ అంటారు. తాతగారు మొదట నా మీదే కోప్పడ్డారు. తర్వాత వెళ్లారు. చికిత్సలో మొదటి మెట్టు ఏమిటంటే, భయం వేసినా మళ్లీ చేయకుండా కొంచెంసేపు ఆగడం నేర్పడం. ఆ కొంచెంసేపును రోజురోజుకూ పెంచడం. ఇంట్లోవాళ్లకూ ఒక పని చెప్పారు: వాడు అడిగిన ప్రతిసారీ "అమ్మకేం కాదురా" అని భరోసా ఇవ్వడం ఆపాలి, ఎందుకంటే ఆ భరోసా కూడా మళ్లీమళ్లీ కావాలనిపిస్తుంది. నన్ను కూడా పిలిచారు. విధి ప్రకారం ఒక్కసారి చేస్తే చాలని నా నోటితో పిల్లవాడికి చెప్పమన్నారు, అదీ ఒక్కసారే. వైద్యం నా పనిని లాక్కోలేదు, నాకు చేతనైన పనే నాకు అప్పగించింది.

ఇంకో సంగతి పూనకం. మా వైపు జాతరలో పూనకం రావడం ఎవరికీ వింత కాదు. డప్పు ఉంటుంది, వేపమండలు ఉంటాయి, అమ్మవారి పేరు ఉంటుంది. హారతి ఇచ్చి పసుపునీళ్లు చల్లితే దిగుతుంది. ఆ మనిషి మర్నాడు పొలం పనికి పోతుంది. అయితే జాతర లేదు, డప్పు లేదు, పదిహేనేళ్ల పిల్ల నడింట్లో ఊగిపోతోందంటే నేను అడిగేది దేవత పేరు కాదు. "ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారమ్మా?" అని అడుగుతాను. ఫలానా బంధువు వచ్చినప్పుడే, ఫలానా పెళ్లి మాట ఎత్తినప్పుడే వస్తోందని తల్లి నెమ్మదిగా గుర్తు చేసుకుంటుంది. నోటితో చెప్పలేనిదాన్ని పిల్ల ఒంటితో చెబుతోందేమో చూడాలి. అలాంటి పిల్లకు వేపమండలతో దెబ్బలు వేయించడం పాపం. ఎవరైనా చెయ్యరాని పని చేశారని తేలితే అది శాంతితో పోయేది కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఈమధ్య ఎక్కువగా వస్తున్నది హాస్టల్ పిల్లల సంగతి. దసరా సెలవులకు వచ్చిన ఇంటర్ కుర్రాడికి తిరిగి వెళ్లే రోజు కడుపునొప్పి. స్కానింగ్ తీస్తే ఏమీ లేదు. తండ్రి నటన అంటాడు, తల్లి ఏలినాటి శని అంటుంది. మందపల్లి తీసుకెళ్లి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించుకొస్తారు. చేయించండి, నేను వద్దనను. కానీ ఆ కుర్రాడు తెల్లవారుజామున మూడింటికే మేలుకుంటున్నాడని, ప్రాణంగా ఆడే క్రికెట్ మానేశాడని, నెల రోజులుగా నవ్వలేదని చెల్లెలు చెప్పేదాకా ఎవరూ గమనించలేదు. ఆ కడుపునొప్పి అబద్ధం కాదు. మనసులో బాధకు పిల్లల ఒళ్లు నిజంగానే నొప్పి పెడుతుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని అందులో ఉంది. ఫీజు కట్టే ముందు ర్యాంకుల బోర్డు చూసినట్టే, ఆ కౌన్సెలర్ ఎవరో చూపించమని కూడా అడగండి.

ఏది మామూలు దిగులు, ఏది చూపించాల్సింది అని అడుగుతారు. నేను వైద్యుణ్ణి కాను. వైద్యుల దగ్గర విని, పిల్లల్ని చూసి, ఇంటివాళ్లను అడగాల్సినవి కొన్ని పెట్టుకున్నాను. మొదటిది, ఎంతకాలంగా? తాత పోతే పిల్లలు ఏడుస్తారు, మార్కులు తగ్గితే అలుగుతారు. నాలుగు రోజుల్లో మళ్లీ ఆటలో పడతారు. రెండు వారాలు దాటినా తేరుకోకపోతే ఆలోచించాలి. రెండోది, ఎన్ని చోట్ల? ఇంట్లో ఒక్కచోట మొండితనమైతే అది వేరు. తిండి, నిద్ర, చదువు, స్నేహం అన్నీ ఒకేసారి సడలితే వేరు. మూడోది, ముందు ఎలా ఉండేవాడు? గలగలా మాట్లాడే పిల్ల మూగనోము పట్టడం, పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్లవాడు మళ్లీ తడపడం, సౌమ్యంగా ఉండేవాడు ప్రతిదానికీ కసురుకోవడం, ఇవన్నీ మార్పులు. పిల్లల్లో దిగులు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడటం చాలా మామూలు. దాన్ని పొగరు అనుకుని నాలుగు తగిలిస్తాం. వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పకపోతే, చేతుల మీద కోతలున్నాయేమో మెల్లగా చూడాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. "నేను లేకపోతే మీకు హాయి" అనడం, ఇష్టమైన వస్తువులు తమ్ముడికి ఇచ్చేయడం, చావు గురించి పదేపదే మాట్లాడటం. ఇక్కడ రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే తీసుకెళ్లాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగడానికి భయపడతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడిగితే ఆలోచన పుట్టదు, ఒంటరితనం తగ్గుతుంది. ఇంట్లో పురుగుమందు డబ్బా, గడ్డిమందు సీసా ఉంటే ఆ పూటే అక్కణ్ణుంచి తీసేయండి. మాలాంటి వాళ్లకు ఒక మాట: ఆత్మహత్య మహాపాతకమని ఆ పిల్లవాడికి ఉపన్యాసం చెప్పకండి. పాపమని విన్నవాడు ఆలోచన మానడు, చెప్పడం మానేస్తాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలని, వాళ్లకు చికిత్స అందించడం ప్రభుత్వం పని అని చెప్పింది. చట్టం చూపిన దయ ధర్మం చూపకపోతే ఎలా?

మరి ఇలా డాక్టరు దగ్గరికి పంపడం దేవుడి మీద నమ్మకం తక్కువైనట్టు కాదా? తమిళనాడులోని ఏర్వాడి దర్గాకు స్వస్థత కోసం కుటుంబాలు మానసిక రోగులను తెచ్చి వదిలేవి. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్లను తెచ్చినవాళ్లకు నమ్మకం తక్కువై కాదు. నమ్మకం ఒక్కటే ఉండి, చూపు లేకపోవడం వల్ల అలా జరిగింది. ఇప్పుడు మనిషిని గొలుసుతో కట్టడం 2017 చట్టం కింద నిషిద్ధం. గుజరాత్‌లో ఉనావా దర్గా దగ్గర మరో దారి పట్టారు. దువా (ప్రార్థన) కోసం వచ్చినవాళ్లకు అక్కడే దవా (మందు) కూడా దొరికేలా దర్గా సేవకులైన ముజావర్లు, వైద్యులు కలిసి పనిచేశారు. ప్రార్థన మానమని ఎవరినీ అడగలేదు. మా గుళ్లలో, చర్చిల్లో కూడా అలా ఎందుకు జరగకూడదు? స్వస్థత కూటాలకు, ఆంజనేయస్వామి గుడికి, దర్గాకు వచ్చే తల్లి కళ్లలో భయం ఒకటే.

ప్రార్థన వల్ల ఏం జరుగుతుందో నాకు తెలుసు. తల్లికి నిబ్బరం వస్తుంది, ఇంటికి ఒక క్రమం వస్తుంది, పిల్లవాడికి తన కోసం ఎవరో కూర్చున్నారన్న ఊరట వస్తుంది. ఇవి చిన్నవి కావు. కానీ దేవుడు నాకు మంత్రం ఇచ్చినట్టే ఆ కాకినాడ వైద్యురాలికి వైద్యం ఇచ్చాడు. ఒకటి తీసుకుని రెండోది తిప్పికొట్టడం భక్తి కాదు, మన అభిమానం. "నలుగురికీ తెలిస్తే పిల్లకు సంబంధాలు రావు" అన్నదే అసలు అడ్డు. దానికి దేవుడి పేరు పెట్టకండి. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు అన్న పేటల పేర్లనే, అక్కడ మానసిక ఆసుపత్రులున్నందుకు, తిట్లుగా మార్చింది మనమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. వంద మంది పిల్లలున్న వీధిలో ఏడుగురు. సంబంధం చూసేవాళ్ల ఇంట్లో కూడా ఒకరుండొచ్చు.

తోటి పురోహితులకు, పాస్టర్లకు, మౌల్వీలకు నా మనవి: మన దగ్గరికి వచ్చే పిల్లవాణ్ణి ఒక్క ఐదు నిమిషాలు పెద్దవాళ్లు పక్కన లేకుండా మాట్లాడనివ్వండి, ఇంటివాళ్ల కళ్లెదురుగానే, మాట వినబడనంత దూరంలో. తల్లిదండ్రులకు: శాంతి చేయించే రోజునే డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు కూడా ఖాయం చేసుకోండి. కౌన్సెలర్ మాట్లాడతారు, మందు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు. ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచకపోతే, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. దానికి ముహూర్తం చూడనక్కర్లేదు.